గుర్రానికి రగ్గు ఎప్పుడు వేయాలి, ఎంత మందం వేయాలి: థర్మామీటర్ చూసి ఎందుకు తేల్చలేం

చలికాలం వస్తే చాలు, గుర్రాలు పెంచేవాళ్ల మధ్య ఏటా జరిగే గొడవ మళ్లీ మొదలవుతుంది. కంచెకి ఇటుపక్క గుర్రం మెడ దాకా మందపాటి రగ్గులో ఉంటుంది, అటుపక్క గుర్రం ఒంటి మీద ఏమీ లేకుండా చినుకుల్లో నిలబడి గడ్డి నములుతుంటుంది. ఇటువాళ్లు అటు చూసి "పాపం, దానికి చలి వేయదా" అంటారు. అటువాళ్లు ఇటు చూసి "పాపం, దాన్ని ఉడకబెట్టేస్తున్నారు" అంటారు. తమాషా ఏంటంటే ఆ రెండు గుర్రాలూ హాయిగానే ఉండొచ్చు, రెండూ ఇబ్బంది పడుతూనూ ఉండొచ్చు. దూరం నుంచి చూసి చెప్పగలిగే విషయం కాదది.

రగ్గు మందాన్ని అందులో నింపిన పీచు గ్రాముల్లో చెబుతారు. "ఎన్ని డిగ్రీలకి ఎన్ని గ్రాములు?" అని అడిగితే వెంటనే ఒక పట్టిక చేతిలో పెట్టేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. ఆ పట్టికలు శుద్ధ తప్పు అని అనను. కానీ వాటిని ఏ గుర్రాన్ని మనసులో పెట్టుకుని తయారుచేశారో అందులో ఎక్కడా రాసి ఉండదు, అసలు చిక్కంతా అక్కడే. గుర్రం వయసు, ఒంట్లో కొవ్వు, బొచ్చు కత్తిరించారా లేదా, రాత్రంతా మేత అందుతుందా, గాలికి అడ్డం ఏమైనా ఉందా, ఇవన్నీ పక్కన పెట్టి డిగ్రీలు మాత్రమే చూసుకుంటే సగం గుర్రాలకి సమాధానం తప్పిపోతుంది.

చలి లెక్క మనకి వేరు, గుర్రానికి వేరు

ముందు ఒక చిన్న సంగతి తెలుసుకోవాలి. ఒంటి వేడిని తనంతట తానే నిలబెట్టుకునే ప్రతి జంతువుకీ ఒక ఉష్ణోగ్రతల పరిధి ఉంటుంది. బయటి వాతావరణం ఆ పరిధిలో ఉన్నంతసేపు శరీరం వేడి కోసం అదనంగా ఏమీ ఖర్చుపెట్టక్కర్లేదు, చర్మం కింద రక్తనాళాలు కాస్త బిగుసుకోవడం, కాస్త వదులవడం లాంటి చిన్నచిన్న సర్దుబాట్లతో పని జరిగిపోతుంది. ఆ పరిధి కింది అంచు దాటి ఇంకా చల్లబడితే మాత్రం, తిన్న మేతలోంచో ఒంట్లో దాచుకున్న కొవ్వులోంచో శక్తి తీసి ప్రత్యేకంగా వేడి పుట్టించుకోవాలి. ఈ కింది అంచుని ఈ వ్యాసంలో చలి హద్దు అని పిలుచుకుందాం.

బట్టల్లేకుండా, కదలకుండా కూర్చున్న మనిషికి ఈ చలి హద్దు 25 డిగ్రీల పైనే ఎక్కడో ఉంటుంది. స్వీడన్‌లో కారిన్ మోర్గన్ 1998లో ప్రచురించిన కొలతల ప్రకారం ఎదిగిన గుర్రాలకి ఆ సుఖమైన పరిధి సుమారు 5 నుంచి 25 డిగ్రీల సెల్సియస్. అంటే మనం స్వెటర్ కోసం వెతుక్కునే 12 డిగ్రీలు గుర్రానికి చలే కాదు. కెనడాలో గడ్డకట్టే చలికి బాగా అలవాటుపడిన గుర్రాలను కొలిస్తే వాటి చలి హద్దు మైనస్ 15 దాకా దిగింది. అప్పుడే పుట్టిన గుర్రం పిల్లల సంగతి దీనికి పూర్తిగా వేరు, వాటికి 20 డిగ్రీల దగ్గరే చలి మొదలవుతుంది.

మనకీ గుర్రానికీ ఇంత తేడా రావడానికి పెద్ద కారణం ఒంటి పరిమాణం. వేడి ఒళ్లంతా పుడుతుంది కానీ చర్మం మీదుగానే బయటికి పోతుంది, 500 కిలోల ఒంటికి బరువుతో పోలిస్తే చర్మం వైశాల్యం చాలా తక్కువ. దాని మీద బొచ్చు, లోపల కండ, ఇంకా లోపల రోజంతా వేడి పుట్టించే పెద్దపేగు ఉన్నాయి.

మరి ఒక కొలతలో 5, ఇంకో కొలతలో మైనస్ 15 ఏంటి, ఏది నిజం? రెండూ నిజమే. చలి హద్దు గుర్రం ఒంటి మీద అచ్చువేసిన అంకె కాదు, అది పైకీ కిందికీ జరుగుతుంటుంది. వాతావరణం మెల్లగా చల్లబడుతూ పోతే రెండు మూడు వారాల్లో శరీరం సర్దుకుంటుంది, బొచ్చు మందమయ్యేకొద్దీ హద్దు ఇంకా కిందికి దిగుతుంది. బొచ్చు కత్తిరిస్తే ఒక్కరోజులో పైకి ఎగబాకుతుంది. ఇంకో ముఖ్యమైన మాట: ఈ అంకెలు ఒళ్లు పొడిగా ఉన్న గుర్రానికి, గాలి పెద్దగా లేనప్పటికి. ఒళ్లు తడిసి, పైన ఈదరగాలి కొడుతుంటే ఈ లెక్కలేవీ పనిచేయవు.

బొచ్చు ఎలా పనిచేస్తుంది, ఎక్కడ చేతులెత్తేస్తుంది

చలికాలపు బొచ్చు చలిని బట్టి వస్తుందని చాలామంది అనుకుంటారు. కానీ దానికి ప్రధాన సంకేతం పగటి వెలుతురు. పగళ్లు కురచవుతూ పోతే శరీరంలో హార్మోన్లు మారి, ఇంకా వెచ్చగా ఉన్న రోజుల్లోనే కొత్త బొచ్చు మొదలవుతుంది. పగళ్లు మళ్లీ పొడుగవడం మొదలయ్యాక, బయట ఇంకా మంచి చలి ఉండగానే, రాలడానికి సిద్ధమవుతుంది. వాతావరణం వేడి, చలి దీన్ని కొంత అటూ ఇటూ మారుస్తాయి కానీ స్విచ్ మాత్రం వెలుతురు చేతిలోనే ఉంది. కాబట్టి తొందరగా రగ్గు వేస్తే బొచ్చు అసలే రాదన్నది అతిశయోక్తి, రగ్గుకీ బొచ్చుకీ ఏ సంబంధమూ లేదన్నది కూడా పూర్తిగా నిజం కాదు.

బొచ్చు వెచ్చగా ఉంచేది వెంట్రుకల వల్ల కాదు, వెంట్రుకల మధ్య చిక్కుకున్న గాలి వల్ల. ప్రతి వెంట్రుక మొదట్లో ఒక సన్నటి కండరం ఉంటుంది, చలి తగలగానే అది బిగుసుకుని వెంట్రుకని నిక్కబొడుస్తుంది. చలికి ముడుచుకున్న కోడి ఈకలు ఉబ్బించుకున్నట్టు గుర్రం కూడా బొచ్చుని ఉబ్బించి ఆ గాలి పొరని మందం చేసుకుంటుంది. మంచు కురిసే చోట్ల గుర్రాల వీపు మీద మంచు కరగకుండా అలాగే పేరుకుని కనిపిస్తుంది, చూసినవాళ్ల ప్రాణం ఉసూరుమంటుంది. నిజానికి మంచు కరగడం లేదంటే లోపలి వేడి పైకి రావడం లేదని అర్థం, అంటే బొచ్చు తన పని చక్కగా చేస్తోందన్నమాట.

ఇది దెబ్బతినేది మూడు చోట్ల. మొదటిది ఎడతెగని వాన. పై వెంట్రుకలు, చర్మం మీది జిడ్డు కలిసి చినుకుల్ని చాలాసేపు జార్చేస్తాయి. పైకి ముద్దగా తడిసినట్టు కనిపించే గుర్రం వీపు మీద బొచ్చుని రెండు వేళ్లతో పాయ తీసి చూడండి, కొసలు నీళ్లోడుతున్నా అడుగున చర్మం పొడిగా, గోరువెచ్చగా ఉండటం మామూలే. కానీ వాన గంటల తరబడి కొడితే నీళ్లు అడుగు దాకా దిగుతాయి, గాలి పొర పోతుంది. రెండోది గాలి, అది బొచ్చుని విడదీసి వెచ్చటి గాలిని ఊడ్చుకుపోతుంది. మూడోది బురద, బొచ్చు అట్టలు కట్టాక నిక్కబొడుచుకోలేదు. వాన, గాలి ఒకేసారి వస్తే 5 డిగ్రీల రాత్రి కూడా గుర్రానికి పొడి మైనస్ 5 కన్నా కష్టంగా ఉండొచ్చు. థర్మామీటర్‌లో ఇది కనపడదు.

వేడి పుట్టేది కడుపులో

గుర్రం తినే గడ్డిలో పీచుని అరిగించేది దాని పెద్దపేగులో కోట్లకొద్దీ ఉండే సూక్ష్మజీవులు. అవి పీచుని పులియబెట్టినప్పుడు గుర్రానికి శక్తి వస్తుంది, ఆ పులిసే క్రమంలో బోలెడు వేడి కూడా పుడుతుంది. దాణా గింజల్లో ఉండే పిండిపదార్థం చాలావరకు చిన్నపేగులోనే అరిగిపోతుంది కాబట్టి అందులోంచి వచ్చే వేడి తక్కువ. చలి రాత్రి గుర్రానికి ఎక్కువ దాణా పెట్టాలని చాలామందికి అనిపిస్తుంది, నిజంగా వేడినిచ్చేది మాత్రం ఎండుగడ్డి.

500 కిలోల గుర్రం రోజుకి 8 నుంచి 10 కిలోల దాకా మేత తింటుంది, నీటి బరువు తీసేసి చెబుతున్న లెక్క ఇది. అది రాత్రంతా విడతలు విడతలుగా అందుతుంటే కడుపులో వేడి ఆగకుండా పుడుతూనే ఉంటుంది. సాయంత్రం ఆరింటికి వేసిన మోపు ఎనిమిదికల్లా అయిపోయి, తెల్లారేదాకా ఖాళీ నేల మీద నిలబడాల్సి వస్తే అదే గుర్రం, అదే బొచ్చు, అదే ఉష్ణోగ్రత, పరిస్థితి మాత్రం వేరు. రగ్గుల గురించి జరిగే వాదనల్లో గడ్డి ప్రస్తావన ఇంత తక్కువగా ఎందుకు వస్తుందో నాకు అర్థం కాదు. బహుశా రగ్గు కంటికి కనిపిస్తుంది, పేగు కనిపించదు, అందుకేనేమో.

రగ్గు మీద రాసి ఉండే అంకెలకి అర్థం

రగ్గులు కొనేచోట కనిపించే అంకెల్లో ఎక్కువ గందరగోళం గ్రాముల దగ్గర. "200 గ్రాముల రగ్గు" అంటే రగ్గు మొత్తం బరువు 200 గ్రాములని కాదు. లోపల కుక్కిన పీచు చదరపు మీటరుకి 200 గ్రాములని. సున్నా గ్రాములంటే లోపల ఏమీ నింపలేదు, వాననీ గాలినీ ఆపే పల్చటి షీటు. 50 నుంచి 100 దాకా తేలిక రకం, 150 నుంచి 250 దాకా మధ్యస్థం, 300 దాటితే మందం. ఇవి స్థూలంగా చెప్పుకునే హద్దులే. నింపిన పీచు రకాన్ని బట్టి, అది ఎంత ఉబ్బి గాలిని పట్టి ఉంచుతుందన్నదాన్ని బట్టి రెండు 200 గ్రాముల రగ్గులు ఒకే వెచ్చదనం ఇవ్వకపోవచ్చు. ఎన్నో ఏళ్లు ఉతికి ఉతికి అణిగిపోయిన 300 గ్రాముల రగ్గు పేరుకే 300.

ఇంకో అంకె డెనియర్, 600, 1200, 1680 అని ఉంటుంది. 9000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగుతుందో చెప్పే కొలత అది, పైగుడ్డ ఎంత గట్టిదో ఊహించడానికి పనికొస్తుంది. వెచ్చదనంతో దానికి ఏ సంబంధమూ లేదు. కంచెలకి గీసుకుంటూ తిరిగే గుర్రానికో, పక్క గుర్రం రగ్గుని పళ్లతో పట్టి లాగే అల్లరి గుర్రాలున్న చోటుకో ఎక్కువ డెనియర్ అవసరం పడుతుంది, అంతే.

రకాలు కూడా వేరువేరు. బయట మేసే గుర్రానికి వేసే టర్నౌట్ రగ్గు నీళ్లు లోపలికి రానివ్వకూడదు, లోపలి చెమట ఆవిరిని మాత్రం బయటికి పోనివ్వాలి. శాలలో వేసే స్టేబుల్ రగ్గు వానకి ఆగదు, దాన్ని వేసి బయటికి వదిలితే నీళ్లు పీల్చి బరువెక్కి గుర్రానికి తడిగుడ్డ చుట్టినట్టే. పని చేసి చెమట పట్టిన గుర్రానికి కాసేపు వేసే ఫ్లీస్ కూలర్ పని వెచ్చబెట్టడం కాదు, ఒంటి తడిని పైకి లాగుతూ ఒక్కసారిగా చల్లబడకుండా చూడటం. మెడ భాగం కలిసి ఉన్న రగ్గు, మెడ లేని రగ్గు ఒకే గ్రాములవైనా ఒకటి కావు. మెడ నుంచి పోయే వేడి తక్కువేమీ కాదు, దాన్ని మూసేస్తే గుర్రానికి మిగిలిన పెద్ద కిటికీని మూసినట్టే.

ఒక విషయం చాలామంది గమనించరు. సున్నా గ్రాముల షీటు ప్రభావం సున్నా కాదు. అది వాననీ గాలినీ ఆపుతుంది, అదే సమయంలో బొచ్చుని అణిచేస్తుంది. గాలీ వానా ఉన్న రాత్రి ఆ బేరం లాభమే. గాలి లేని పొడి చలి రాత్రి, దట్టమైన బొచ్చున్న గుర్రానికి మాత్రం ఉబ్బిన బొచ్చుని తీసుకుని బదులుగా పల్చటి గుడ్డ ఇచ్చినట్టవుతుంది, ఆ బేరంలో గుర్రానికే నష్టం రావచ్చు.

ఒకే రాత్రి, వేరువేరు గుర్రాలు

ఒక రాత్రి అనుకుందాం. 4 డిగ్రీలు, రాత్రంతా వాన, గట్టి గాలి. పొలానికి ఒక పక్క దట్టమైన పొదల కంచె ఉంది.

మొదట బొచ్చు కత్తిరించని బొద్దు పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం. పక్కటెముకలు చేతికి దొరకాలంటే గట్టిగా అదమాలి, ముందు రాత్రంతా సరిపడా ఎండుగడ్డి ఉంది. ఇది గాలికి వెనకభాగం తిప్పి, తోక బిగించి, కంచె పక్కన నిలబడి తింటూ గడిపేస్తుంది. దీనికి రగ్గు అవసరం చాలా తక్కువ, ఒంట్లో ఉన్న కొవ్వు కాస్త ఖర్చయితే దీనికే మంచిది.

రెండోది ఒళ్లంతా బొచ్చు కత్తిరించిన థరోబ్రెడ్ (పందేల జాతి గుర్రం), వారంలో చాలా రోజులు గట్టి పని చేస్తుంది. దాని బొచ్చు మనమే తీసేశాం కాబట్టి ఆ పని ఇప్పుడు రగ్గే చేయాలి. నీళ్లు రానివ్వని 200 నుంచి 300 గ్రాములు, బహుశా మెడతో సహా. ఇందులో పెద్ద వాదనకి చోటు లేదు.

మూడోది ముసలి గుర్రం, పాతికేళ్లు దాటింది. దవడ పళ్లు అరిగిపోయి గడ్డి నమలలేక ఉండలు చుట్టి ఊసేస్తుంది, పక్కటెముకలు దూరానికే కనిపిస్తున్నాయి. దీనికి బొచ్చు దండిగానే ఉండొచ్చు, కానీ లోపల వేడి పుట్టించే మేతా లేదు, కాపాడే కొవ్వూ లేదు. మధ్యస్థ మందం రగ్గు వేయాలి, దాంతోపాటు నానబెట్టిన మెత్తటి పీచు మేత లేకపోతే ఆ రగ్గు సగం పనే చేస్తుంది.

ఇక నాలుగోది వెచ్చటి ప్రాంతం నుంచి వారం కిందట వచ్చిన ఆరోగ్యమైన గుర్రం. దాని శరీరం ఇంకా ఈ చలికి సర్దుకోలేదు, బొచ్చు పొట్టిగా ఉంది. దానికి ఇప్పుడు రగ్గు కావాలి, నెల తర్వాత బహుశా ఇంత వద్దు, వచ్చే ఏడు అసలు అక్కర్లేకపోవచ్చు.

ఇప్పుడు రాత్రిని మారుద్దాం. మైనస్ 3, ఆకాశం నిర్మలం, గాలి లేదు, నేల పొడి. పట్టిక ప్రకారం అయితే అందరికీ గ్రాములు పెంచాలి. కత్తిరించిన గుర్రం విషయంలో అది సరే. కానీ ఆ బొద్దు పోనీకి నిన్నటి 4 డిగ్రీల వాన కన్నా ఈ మైనస్ 3 సుఖం. దాని బొచ్చు పొడిగా ఉబ్బి ఉంది, గాలి దాన్ని విడదీయడం లేదు.

బొచ్చు చూసి మోసపోయే సందర్భం కూడా ఒకటుంది. హార్మోన్లు గాడి తప్పే కుషింగ్స్ జబ్బున్న ముసలి గుర్రాలకి బొచ్చు పొడుగ్గా, వంకీలు తిరిగి పెరుగుతుంది, సమయానికి రాలదు. చూడటానికి చలికి పూర్తిగా సిద్ధమైనట్టు ఉంటుంది. నిజానికి వాటిలో చాలావాటికి ఒంటి వేడి సర్దుబాటే గాడి తప్పి ఉంటుంది, కాస్త వెచ్చటి మధ్యాహ్నానికే చెమటతో తడుస్తాయి, ఆ తడి ఒంటితోనే సాయంత్రపు చలిలోకి వెళ్తాయి. అలాంటి గుర్రాలకి కొన్నిసార్లు బొచ్చు కత్తిరించి, పల్చటి రగ్గుతో మనమే సర్దుబాటు చేయడం తేలిక.

తెల్లవారుజాముకి వేయాలా, మధ్యాహ్నానికి వేయాలా

పొద్దున ఆరింటికి 2 డిగ్రీలు, మధ్యాహ్నం ఎండ కాసి 15. ఇలాంటి రోజులే అసలు తలనొప్పి. యజమాని చీకటితో వచ్చి, చేతులు కొంకర్లు పోతుంటే 250 గ్రాముల రగ్గు వేసి పనికి వెళ్లిపోతాడు, మళ్లీ వచ్చేసరికి చీకటే. మధ్యలో ఎనిమిది తొమ్మిది గంటలు గుర్రం ఆ రగ్గులోనే, ఎండలో. ముదురు రంగు రగ్గయితే ఎండకి ఇంకా కాగుతుంది. మధ్యాహ్నానికి మోచేతుల వెనక, డొక్కల్లో చెమట పడుతుంది, రగ్గు కింద అది ఆరదు. పొద్దు వాలాక ఆ తడే చల్లబడుతుంది. సాయంత్రం వచ్చిన యజమాని చేయి పెట్టి చూసి "అయ్యో, చల్లగా ఉందే" అని ఇంకా మందం రగ్గు తెస్తాడు. ఆ చలి రగ్గు తక్కువై వచ్చింది కాదు, ఎక్కువై వచ్చింది.

చలిగా ఉన్న గుర్రానికి చేసుకోడానికి చాలా ఉన్నాయి: బొచ్చు నిక్కబొడుచుకోవడం, తినడం, నడవడం, గాలికి వీపు తిప్పడం, పక్క గుర్రానికి ఆనుకోవడం, ఇంకా తప్పకపోతే వణకడం. రగ్గు కింద ఉక్కగా ఉన్న గుర్రానికి ఉన్నది చెమట పట్టించుకోవడం ఒక్కటే, దాన్నీ రగ్గు ఆరనివ్వదు. బకిల్ విప్పుకోవడం దానికి చేతకాదు. అందుకే మనిషి చూసుకోలేని గంటలు ఎక్కువున్నప్పుడు, ఒళ్లు నిండుగా ఉండి గడ్డి అందుతున్న గుర్రం విషయంలో, చాలామంది పశువైద్యులు కాస్త తక్కువ వైపే మొగ్గుతారు. సన్నపు, ముసలి, కత్తిరించిన గుర్రాలకి ఈ మొగ్గు వర్తించదు.

రగ్గు కింద జరిగేవి

రోజూ రగ్గు తీసి చూడకపోతే కొన్ని సంగతులు చివరిదాకా తెలియవు. మూపు మీద, భుజాల ముందు రగ్గు ఒరుసుకుని మొదట వెంట్రుకల కొసలు తెగుతాయి, తర్వాత ఆ చోటు నున్నగా మెరుస్తుంది, ఆ తర్వాతే పుండు. చర్మం తడిగా, ఉక్కగా ఉంటే డెర్మటోఫిలస్ అనే సూక్ష్మజీవి పట్టుకుని పెచ్చులు కడుతుంది, ఆ పెచ్చుని లాగితే వెంట్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడివస్తాయి. కారే రగ్గు వేసిన గుర్రానికి ఏ రగ్గూ లేని గుర్రం కన్నా ఇది సులువుగా అంటుకోవచ్చు.

ఇంతకన్నా తెలియకుండా జరిగేది బరువు మార్పు. రగ్గు కింద గుర్రం చిక్కిపోతున్నా కనపడదు, లావెక్కుతున్నా కనపడదు. 1983లో హెన్నెకె బృందం ఇచ్చిన 1 నుంచి 9 దాకా ఉండే ఒంటి స్థితి కొలమానం ఇప్పటికీ వాడుకలో ఉంది, అది కళ్లతోపాటు చేత్తో తడిమి చూసేది: మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు. సులువుగా ఒళ్లు చేసే పోనీలకి చలికాలం కొవ్వు తగ్గే కాలం. ఏడాది పొడవునా రగ్గులో వెచ్చగా ఉంచి కడుపు నిండా పెడితే ఆ తగ్గుదల జరగదు, అదే ఒంటితో వసంతకాలపు తీపి పచ్చిక మీదికి వెళ్తాయి. డెక్కల లోపలి పొర వాచి నడవలేకుండా చేసే లామినైటిస్ ముప్పు అక్కడ పెరుగుతుంది. అంత మాత్రాన లామినైటిస్‌కి రగ్గే కారణమని ఎవరూ అనరు, లావు మీద లావు చేర్చేవాటిలో అదొకటి.

చేయి ఏం చెబుతుంది, చెవి ఏం చెప్పదు

చెవులు పట్టుకుని చల్లగా ఉన్నాయంటే గుర్రానికి చలేస్తోందని చెప్పడం పాత అలవాటు. చెవులు, కాళ్ల కింది భాగం చల్లబడటం శరీరం కావాలని చేసే పని, లోపలి వేడిని కాపాడుకోడానికి కొసలకి రక్తం తగ్గిస్తుంది. చల్లటి చెవులున్న గుర్రం ఒళ్లు వెచ్చగానే ఉండొచ్చు. ఇంకా నమ్మదగిన చోటు రగ్గు కింద, భుజం ఎముక వెనక. అక్కడికి చేయి పోనిచ్చి కాసేపు ఉంచితే పొడిగా, గోరువెచ్చగా తగిలితే సరిపోయినట్టు. జిగటగా, వేడిగా ఉంటే ఎక్కువైనట్టు. కానీ బయటినుంచి వచ్చిన మన చేయి అప్పటికే గడ్డకట్టి ఉంటే ఏ గుర్రమైనా కాలిపోతున్నట్టే ఉంటుంది, అది కూడా గుర్తుంచుకోవాలి.

వణుకు విషయంలో రెండు అతివాదాలు వినిపిస్తాయి. కాసేపు వణికితే కొంప మునిగినట్టు కాదు, అది వేడి పుట్టించుకునే మామూలు మార్గమే. అలాగని తడిసిన గుర్రం ఆగకుండా వణుకుతూ, తినడం మానేసి, తల దించుకుని నిలబడితే మాత్రం అది సర్దుకుంటోందని వదిలేసే పరిస్థితి కాదు.

రెండు పక్షాల మాటల్లో ఉన్న బలం, లోపం

రగ్గు వద్దనే పక్షం బలమంతా శరీరశాస్త్రంలో ఉంది: చలి హద్దు తక్కువ, బొచ్చు అద్భుతం, వేడి ఎక్కువైతే గుర్రానికి దారి లేదు. లోపం ఎక్కడంటే, "అడవి గుర్రాలకి ఎవరు వేశారు రగ్గు?" అన్న ప్రశ్న దగ్గర. అడవి గుర్రం వాన వస్తే మైళ్ల దూరం నడిచి లోయలోకో చెట్ల కిందికో వెళ్తుంది, రోజంతా మేస్తుంది, బొచ్చు ఎవరూ కత్తిరించరు. పైగా అక్కడ ముసలివి, బక్కవి చలికాలం దాటకుండానే పోతాయి, ఆ లెక్కని ఎవరూ చెప్పరు. నాలుగు వైపులా వైర్లు కట్టిన బోసి పొలంలో ఒక్కచోట బంధించి, పొద్దున సాయంత్రం గడ్డి పెట్టే గుర్రానికి ఆ పోలిక అంతగా అతకదు.

రగ్గు కావాలనే పక్షం బలం అక్కడే ఉంది: మనం ఆ గుర్రం దగ్గర దాని మార్గాలు చాలావాటిని తీసుకున్నాం కాబట్టి బదులు ఇవ్వాల్సిందీ మనమే. లోపం ఏంటంటే తమ చలిని గుర్రం చలి అనుకోవడం. ఇక ఎవరూ పైకి చెప్పని మూడో కారణం కూడా ఉంది. రగ్గు వేస్తే గుర్రం పొడిగా, బురద లేకుండా ఉంటుంది, సాయంత్రం ఉన్న అరగంట వెలుతురులో తోమకుండా జీను వేయొచ్చు. ఇది నాకు న్యాయమైన కారణంగానే కనిపిస్తుంది, దాన్ని గుర్రం సుఖం కోసమని చెప్పుకోనంతవరకు.

గుర్రాన్నే అడిగితే? నార్వేలో సిసిలీ మేడెల్ బృందం అదే చేసింది. 2016లో వచ్చిన ఆ అధ్యయనంలో 23 గుర్రాలకి మూడు తెల్లటి పలకలు చూపించి వాటి అర్థం నేర్పారు: అడ్డగీత ఉన్నదాన్ని ముట్టుకుంటే రగ్గు వేస్తారు, నిలువుగీత ఉన్నదాన్ని ముట్టుకుంటే తీస్తారు, ఖాళీ పలకని ముట్టుకుంటే ఉన్నది ఉన్నట్టే ఉంచుతారు. రెండు వారాల్లో 23 గుర్రాలూ నేర్చుకున్నాయి. వెచ్చగా, ఎండగా ఉన్న రోజుల్లో రగ్గు తీయమన్నాయి, వాన, గాలి, చలి కలిసిన రోజుల్లో వేయమన్నాయి. దీన్ని రెండు పక్షాలూ తమకి అనుకూలంగా చెప్పుకుంటాయి, రెండిటికీ కొంత హక్కు ఉంది. గుర్రాలకి రగ్గు ప్రతిసారీ శిక్ష కాదని తేలింది, అలాగే ప్రతిసారీ వరం కాదని కూడా. గుర్రాన్ని బట్టి జవాబులు మారాయి కూడా. కానీ ఆ పలకల మీద గ్రాములు లేవు. వేయాలా తీయాలా అన్నది గుర్రం చెప్పింది, ఎంత మందం అన్నది ఎవరూ అడగలేదు. అలాగే ఇష్టపడటం వేరు, లేకపోతే హాని జరగడం వేరు. వానలో రగ్గు కోరిన గుర్రానికి రగ్గు లేకపోతే జబ్బు చేస్తుందని ఆ అధ్యయనం చెప్పదు.

బొచ్చు రాలే రోజుల్లో

చలికాలం చివర్లో లెక్క తలకిందులవుతుంది, ఇక్కడ అనుభవజ్ఞులు కూడా తడబడతారు. పగలు పొడుగవుతున్న కొద్దీ బొచ్చు కుప్పలు కుప్పలుగా రాలిపోతుంది, వాతావరణానికి మాత్రం ఆ సంగతి తెలియదు, ఒక వారం ఎండ కాసి మర్నాడే వడగళ్ల వాన. నడిచలికాలంలో మైనస్ 3కి చెక్కుచెదరని అదే బొద్దు పోనీ ఇప్పుడు సగం రాలిన బొచ్చుతో 6 డిగ్రీల వానలో వణకొచ్చు, దానికి ఆ రెండు రాత్రులకి సున్నా గ్రాముల షీటు కావాల్సి రావచ్చు. చలికాలమంతా 300 గ్రాముల్లో గడిపిన కత్తిరించిన గుర్రం మాత్రం అప్పటికి కొంత బొచ్చు పెంచుకుని ఉంటుంది, పొడిగా ఉన్న అదే 6 డిగ్రీల మధ్యాహ్నం అది ఏమీ లేకుండా మేయగలదు.